చదవడానికి మాత్రమే

మూడు దినాలు నా డిస్కు కనపడలా.
పదకొండేండ్ల అంచులు, కొంగులు, బుటాలు,
ఉరవకొండలో ముప్పై మగ్గాలకు
నేను గీసిచ్చిన గ్రాఫులన్నీ దాంట్లోనే.

పాత విండోస్ నీలం మొగం పెట్టుకొని పోయినాక
మా బామ్మర్ది సుంకన్న గుంతకల్లు నుంచి వచ్చి
చిన్న ఎస్సెస్‌డీ ఒకటి బిగించి, లైనక్స్ ఎక్కించి
"ఇంగ జన్మలో వైరస్ రాదు బావా" అని
సాయంత్రం బస్సుకే వెళ్లిపోయినాడు.
వైరస్ రాలా.
డిస్కూ రాలా.
ఫోన్ చేస్తే "యాడికి పోతాదిలే, వస్తాది" అన్నాడు
తప్పిపోయిన మేకపిల్ల గురించి చెప్పినట్టు.

నాలుగోనాడు తస్లీమా వచ్చింది,
బస్టాండు కాడ సెల్లు రిపేరీ అంగడి పిల్ల.
అనంతపురం పాలిటెక్నిక్ చదువు, నోట్లో స్క్రూ.
డబ్బా విప్పితే గుప్పెడు నూలు దుమ్ము,
జరీ తునక, గౌలిగుడ్డు పెంకు రెండు ముక్కలు.
"నీ కంప్యూటరు కూడా మగ్గం నేస్తాందా అన్నా?"

నల్లతెర తీసి ఏందో కొట్టింది.
ఒకటే పేరు వచ్చింది, కొత్తదాని పేరు.
డిస్కు మీద నా అరచెయ్యి పట్టి పెట్టింది.
వెచ్చగా ఉంది. లోపల సన్నగా తిరుగుతాంది.
"బతికే ఉండాది. పిలుపే అందడం లేదు."

కరెంటు పోయింది.
ఊరి చుట్టూ మిట్టల మీద గాలిమరలు
మా కండ్ల ముందరే తిరుగుతానే ఉన్నాయి.
ఆ కరెంటు యాడికి పోతాదో
నేనడగలా, ఆ పిల్లా చెప్పలా.
బెల్లం టీ తాగినాం.

కరెంటొచ్చినాక ఎఫ్‌టూ మీద
వడ్రంగి పిట్ట మాదిరి టకటక కొట్టి
విండోస్‌కూ లైనక్స్‌కూ ముందుండే నీలం గదిలోకి పోయింది.
అక్కడ డ్రైవుల పట్టీ, ఒక్కోదానికి ఒక టిక్కు.
సున్నా: టిక్కు. ఒకటి: టిక్కు.
రెండు: ఖాళీ.
మావాడు ఎస్సెస్‌డీకి చోటు చేయాలని
పాతదాని వైరు పీకి
ఒక రంధ్రం పక్కకు గుచ్చినాడంట.
అది మూసిన రంధ్రం.

నాకు నవ్వొచ్చింది.
అచ్చులో ఒక పన్ను పక్కకు పోగు ఎక్కిస్తే
ఆరు గజాలూ గీత పడతాది,
తెలిసేది మాత్రం చీర సగమైనాకే.
"అట్లాంటిదేనా?" అన్నా.
"కాదన్నా" అని ఆగి,
"ఆఁ... కొంచెం అట్లాంటిదే" అంది.

టిక్కు పెట్టింది. డిస్కు వచ్చింది.
తెరవబోతే మళ్లా ఒక మాట అడ్డం పడింది:
ఇందులో విండోస్ నిద్రపోయి ఉండాదంట,
నిండా ఆపకుండా మూతేసినప్పటి నిద్ర.
ఆ రేత్రి తెరిచిన పని ఏదో
సేవ్ కాకుండా అట్లే లోపల.
"నిద్ర చెరిపేస్తే పూర్తిగా నీ చేతికొస్తాది.
లోపల సగంలో ఏముందో అది పోతాది.
చెరిపేదా?"

ఏముందో నాకు జ్ఞాపకం లేదు.
ఏ సేటు ఆర్డరు? అంచా, కొంగా?
గీస్తా గీస్తా కన్నంటుకుంది, అంతే.
విండోస్సే లేవదు, దాంట్లోని సగం అంచు ఎట్లా లేస్తాది,
తెలుసు నాకు.
అయినా నోరు "చెరుపు" అనలా.

"అయితే చదవడానికి మాత్రమే తెరుస్తా" అంది.
చూడొచ్చు, తీసుకోవచ్చు,
లోపల ఒక్క గడి కూడా కదల్చలేము.

ఒకటొకటే దిగినాయి.
రుద్రాక్ష అంచు. మామిడి పిందె.
మూడు కాళ్ల చిలక. పొరపాటున గీసింది,
పదహారు చీరలు అమ్ముడుపోయినాయి, ఎవరూ లెక్కపెట్టలా.
తస్లీమా లెక్కపెట్టింది.
మూడువందలు అడిగింది, చిలకను చూసి యాభై తగ్గించింది.

డిస్కు ఇప్పుడు బల్ల కింద ఉంది, గుడ్డలో చుట్టి.
దాని నిద్రలో యాడో ఒక గడి మీద
నా బాణం గుర్తు ఆగి ఉంటాది,
తరువాతి చుక్క యాడ పెట్టాలా అని.